చేత్తో వ్యాక్సా, మెషీన్‌తో పాలిషా? కారు మెరుపు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో మా ఇంటి పోర్టికోలో ఆదివారం పూట కారు ముందు కూర్చుంటే చాలు, వీధిలో వెళ్ళేవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఆగుతారు. విజయనగరం నుంచి స్నేహితులు బానెట్ ఫొటోలు పంపుతారు. చుట్టాలు పెళ్ళిళ్ళలో పక్కకు పిలిచి అడుగుతారు. మనుషులు మారినా ఏళ్ళ తరబడి సందేహాలు మాత్రం ఇవే. అందుకే వాళ్ళు అడిగిన మాటల్లోనే ఒకచోట రాసిపెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## మొదలుపెట్టే ముందు

పాలిష్, వ్యాక్స్ రెండూ ఒకటే కదా?

కాదు. పాలిష్ అరగదీస్తుంది, వ్యాక్స్ పూతగా నిలుస్తుంది. పాలిష్‌లో చాలా సన్నటి రాపిడి పొడి ఉంటుంది. కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పొరను మన పెయింటర్లు క్లియర్ అంటారు, కొందరు లాకర్ అంటారు. ఆ పొడి క్లియర్‌ని రవ్వంత అరగదీసి గీతల అంచులను చదును చేస్తుంది. వెలుగు చెదరకుండా తిన్నగా తిరిగివస్తుంది కాబట్టి మెరుపు కనిపిస్తుంది. వ్యాక్స్ అంటే మైనం. అది గీతలు తీయదు. నీళ్ళు, దుమ్ము, పిట్టల రెట్టలు నేరుగా క్లియర్‌కి తగలకుండా అడ్డు నిలుస్తుంది. ఒకే డబ్బా మీద రెండు పేర్లూ ఉంటే అందులో కొంచెం రాపిడి, కొంచెం మైనం కలిపారని అర్థం. కాంపౌండ్ అనేది పాలిష్ కన్నా ముతక రకం. షాపుల్లో రబ్బింగ్ అనేది ఇలా అరగదీసే పనినే.

ఇంతకీ చేత్తో చేయాలా, మెషీన్‌తో చేయాలా? ఒక్క ముక్కలో చెప్పండి.

వ్యాక్స్ చేత్తో, గీతలు తీసే పాలిష్ మెషీన్‌తో. గీత పోవాలంటే ఒకే చోట, ఒకే ఒత్తిడితో వందల సార్లు రాపిడి జరగాలి. చెయ్యి రెండు నిమిషాలకే అలిసిపోతుంది, ఒత్తిడి ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా పడుతుంది. వ్యాక్స్ విషయం అలా కాదు. పల్చగా పూసి తుడిచేయడమే పని, దానికి చెయ్యే హాయి.

క్లియర్ ఎంత మందం ఉంటుంది? ఎన్నిసార్లు రబ్బింగ్ కొట్టించవచ్చు?

ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ ప్రైమర్‌తో సహా అంతా కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ వాటా 35 నుంచి 50 దాకా. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే మీ కారు మెరుపంతా అర వెంట్రుక మందంలో ఉందన్నమాట. ముతక కాంపౌండ్‌తో గట్టిగా ఒక దఫా కొడితే 2 నుంచి 5 మైక్రాన్లు పోవచ్చు. సన్న పాలిష్‌తో ఒక మైక్రాన్ అటూ ఇటూ. ఇది తీయడమే తప్ప మళ్ళీ వేయడం కుదరని డిపాజిట్ లాంటిది. ప్రతి పండక్కీ రబ్బింగ్ కొట్టించేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. తేలికపాటి పాలిష్ రెండు మూడేళ్ళకోసారి చాలు, కాంపౌండ్ అవసరం పడితేనే.

మా కారుకి పాలిష్ కావాలో, ఉత్త వ్యాక్స్ సరిపోతుందో ఎలా తెలుస్తుంది?

కారు కడిగి ఆరబెట్టి, సాయంత్రం చీకటి పడ్డాక సెల్‌ఫోన్ టార్చి వేసి బానెట్ మీద ఏటవాలుగా చూడండి. వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనిపిస్తే పాలిష్ పని ఉంది. అలాంటివి లేకుండా రంగు కొంచెం మందగించినట్టు, చెయ్యి వేస్తే గరుకుగా అనిపిస్తే శుభ్రం చేసి వ్యాక్స్ పెట్టండి, చాలు. విడిగా ఏదైనా పెద్ద గీత ఉంటే గోటిని అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుందంటే అది ఏ పాలిష్‌కీ పోదు. అంచులు మెత్తబడి కొంచెం తక్కువగా కనిపిస్తుంది, అంతే. అలాంటిదానికి టచప్ పెయింటే దారి.

కొత్త కారు. షోరూమ్‌లో టెఫ్లాన్ కోటింగ్ వేయించుకోమంటున్నారు. వేయించాలా?

తొందర లేదు. ఆ పేరుతో వేసేది ఎక్కువగా కొన్ని నెలలు నిలిచే పూతే. కొత్త కారుకి మంచి సింథటిక్ సీలెంట్, అంటే మైనానికి బదులు రసాయనాలతో చేసిన పూత, మీరే ఒక గంటన్నరలో పూసుకోవచ్చు. డబ్బు పెట్టాలనే ఉంటే ముందు మంచి మైక్రోఫైబర్ గుడ్డలు అరడజను, రెండు బకెట్లు, కారు షాంపూ కొనండి. కొత్త కారుకి మొదటి ఏడాదిలో పడే గీతల్లో చాలాభాగం కడగడంలోనూ తుడవడంలోనూ పడేవే.

మాది మ్యాట్ రంగు కారు. మెరుపు లేదు కాబట్టి పాలిష్ పెట్టొచ్చా?

వద్దు. మ్యాట్‌ని పాలిష్ చేస్తే రుద్దిన చోటల్లా మెరిసి మచ్చలుగా మిగిలిపోతుంది. దాన్ని వెనక్కి తేవాలంటే పెయింట్ వేయించాల్సిందే. మామూలు వ్యాక్స్ కూడా వద్దు, మ్యాట్ కోసమే తయారైన పూత వాడండి.

## కడగడం, శుభ్రం చేయడం

రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో శుభ్రంగా తుడుస్తున్నా. అయినా గీతలు ఎందుకు పడుతున్నాయి?

రోజూ తుడవడం వల్లే. మన జిల్లాల్లో కారు మీద పడే దుమ్ము ఎలాంటిదో ఒకసారి ఆలోచించండి. రైసు మిల్లు దగ్గర ఇల్లుంటే పొద్దున్నే బానెట్ మీద బూడిదరంగు పొడి కనిపిస్తుంది, అది ఊక బూడిద. అందులో అధికభాగం సిలికాయే, అంటే ఇసుక జాతి పదార్థం. టెక్కలి వైపు గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, అదీ క్లియర్ కన్నా ఎన్నో రెట్లు గట్టిది. పొడి గుడ్డతో లాగితే గుడ్డ కాస్తా గరుకు కాగితం అయిపోతుంది. జాతీయ రహదారి మీద తిరిగే కారుకైతే దుమ్ముతో పాటు లారీ పొగ మసి కూడా అంటుకుని ఉంటుంది.

నా పద్ధతి ఇది. దుమ్ము ఉంటే ఉండనిస్తాను. వారానికోసారి ముందు నీళ్ళు ధారగా కొట్టి, దుమ్ము జారిపోయాక షాంపూ నీళ్ళతో పైనుంచి కిందికి కడుగుతాను. ఒక బకెట్లో షాంపూ, ఇంకో బకెట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్ళు. అర్జెంటుగా ఎక్కడికైనా వెళ్ళాలంటే అద్దాలు మాత్రం తుడిచి బయలుదేరతాను.

బోరు నీళ్ళతో కడిగితే తెల్ల చుక్కలు మిగులుతున్నాయి. పాలిష్ పెట్టాలా?

ముందు వెనిగర్ ప్రయత్నించండి. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆవిరయ్యాక సున్నంలా పేరుకుంటాయి. తెల్ల వెనిగర్ కిరాణా కొట్లోనే దొరుకుతుంది. దానికి సమానంగా నీళ్ళు కలిపి మెత్తటి గుడ్డతో చుక్కల మీద ఒక నిమిషం అద్ది ఉంచి, బాగా కడిగేయండి. చల్లటి బాడీ మీద, నీడలోనే చేయాలి. అప్పటికీ చుక్క చుట్టూ గుంట పడినట్టు వలయం కనిపిస్తే లవణం క్లియర్‌ని తినేసిందని అర్థం, దానికి సన్న పాలిష్ కావాలి. ఇకముందు రాకుండా ఉండాలంటే కడిగిన వెంటనే, నీళ్ళు ఆరకముందే పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలుతో అద్దుతూ తుడవండి. పొద్దున్న ఏడులోపే పని ముగించుకుంటే ఎండ బెడద ఉండదు.

దసరాకి పూజ చేయించాం. బానెట్ మీద పసుపు స్వస్తిక్ గుర్తు పోవడం లేదు, ఏం చేయాలి?

ఎండలో పెట్టండి. పసుపు పడిన తెల్ల చొక్కాని ఉతికి ఎండలో ఆరేస్తే మరక తగ్గిపోవడం మనింట్లో అమ్మలందరూ చేసేదే. పసుపులోని రంగు వెలుగుకి విరిగిపోతుంది. కారుకీ అంతే. ముందు నీళ్ళు ధారగా పోసి పొడిని జారనివ్వండి. కుంకుమ పొడిగా ఉండగా వేలితో రుద్దారో గీతలు ఖాయం. తరవాత షాంపూతో కడగండి. సబ్బు తగిలినప్పుడు పసుపు ఒక్కసారి ఎర్రబడుతుంది, టెన్షన్ పడకండి, క్షారం తగిలితే దాని గుణం అదే. కడిగి నాలుగైదు రోజులు ఎండలో ఉంచితే పసుపు చాలావరకు పోతుంది. బజారు కుంకుమలో కలిపే రంగులు మొండివి, గులాబీ ఛాయ మిగిలితే చేత్తో సన్న పాలిష్ పెట్టండి.

అరసవల్లి దేవస్థానం ముందైనా, పైడితల్లమ్మ గుడి దగ్గరైనా కొత్త కారు పూజకు వెళ్ళే ముందు రోజు ఒక పూత వ్యాక్స్ పెట్టండి. బొట్లు ముందద్దం మీద పెట్టమని పూజారి గారిని అడిగితే కాదనరు. నేను ఏటా అలాగే అడుగుతాను.

క్లే బార్ అంటే ఏమిటి? తప్పనిసరిగా వాడాలా?

పిండిముద్దలా ఉండే మెత్తటి బంక మట్టి అనుకోండి. కడిగినా పోని మసి, తారు చుక్కలు, రైలు పట్టాల దగ్గర ఎగిరే ఇనుప రజను లాంటివి దానికి అంటుకుని వచ్చేస్తాయి. కడిగిన కారు మీద చేతికి పల్చటి పాలిథిన్ సంచి తొడుక్కుని మెల్లగా రాసి చూడండి. ఇసుక తగిలినట్టు ఉంటే క్లే వాడాలి, నున్నగా ఉంటే అక్కర్లేదు. షాంపూ నీళ్ళు బాగా చిలకరిస్తూ ఒత్తకుండా జరపాలి, మడత మారుస్తూ ఉండాలి. కింద పడిన క్లే మళ్ళీ వాడకండి, పారేయండి. క్లే కూడా సన్నటి గీతలు పెట్టగలదు కాబట్టి పాలిష్‌కి ముందు చేయడం మంచిది.

మా డ్రైవరు గుడ్డకి కొంచెం డీజిల్ రాసి తుడుస్తాడు. బాగా మెరుస్తోంది. పర్లేదా?

ఆ మెరుపు నూనెది. సాయంత్రానికి దుమ్మంతా ఆ జిడ్డుకి పట్టుకుంటుంది, మర్నాడు మళ్ళీ తుడిస్తే అదే గీతలు పెడుతుంది. ఉన్న వ్యాక్స్‌ని కూడా కరిగించేస్తుంది, రబ్బరు బీడింగులకి మంచిది కాదు. కిరసనాయిలు, కొబ్బరినూనె సంగతీ అంతే. డ్రైవరు బాబుకి కోప్పడకుండా ఒక మంచి మైక్రోఫైబర్ గుడ్డ, స్ప్రే వ్యాక్స్ సీసా ఇచ్చి చూడండి.

జీడితోటలో ఆపాం, జిగురు మరకలు పడ్డాయి. పిట్టల రెట్టలు కూడా. ఎలా తీయాలి?

ఆలస్యం చేయకుండా తీయాలి. ఉద్దానంలో వాళ్ళకి జీడిపిక్క నూనె సంగతి చెప్పక్కర్లేదు, చేతికి తగిలితే చర్మం పొక్కుతుంది. అలాంటిది పెయింట్ మీద ఎండలో రోజంతా ఉండకూడదు. రెట్ట కూడా ఎండకి గట్టిపడి క్లియర్‌ని తినేస్తుంది. తడి గుడ్డని మరక మీద ఐదు నిమిషాలు కప్పి నానబెట్టి, రుద్దకుండా పైకెత్తి తీయండి. చెట్టు బంక మిగిలితే గుడ్డకి కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (శానిటైజర్లలో వాడేది) అద్ది తీసి, నీళ్ళతో కడిగేయండి. ఆ చోట వ్యాక్స్ కూడా పోయి ఉంటుంది, చిటికెడు మళ్ళీ పూయండి.

## చేత్తో పాలిష్

చేత్తో రుద్దితే సాలెగూడు గీతలు పోతాయా?

కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఒక అరచెయ్యంత చోట పది నిమిషాలు ఓపిగ్గా చేస్తే మార్పు కనిపిస్తుంది. మొత్తం బానెట్ చేయాలంటే భుజం పడిపోతుంది. చేత్తో పాలిష్ పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి. డోర్ హ్యాండిల్ గుంటలో గోళ్ళ గీతలు, అద్దాల చుట్టూ, నంబర్ ప్లేటు పక్కన, ఒకటి రెండు చిన్న రాపిళ్ళు. సిరిమానోత్సవం నాడు జనం మధ్య కారు ఇరుక్కుని డోరు మీద గుండీల గీతలు పడ్డాయని విజయనగరం నుంచి ఒక మిత్రుడు ఫొటో పంపాడు. గోటికి తగలని గీతలవి. ఫోమ్ అప్లికేటర్‌తో, అంటే పాలిష్ పూసే స్పాంజి ముక్కతో, చేత్తోనే తీసుకోగలిగాడు, గంట పట్టింది.

గుండ్రంగా రుద్దాలా, నిలువుగా రుద్దాలా?

తిన్నగా, ముందు నిలువుగా, తరవాత అడ్డంగా. ఏదైనా రవ్వ చిక్కుకుని గీత పడినా తిన్నటి గీత అన్ని వైపుల నుంచీ కనిపించదు. గుండ్రటి గీత ఎటు నిలబడి చూసినా వెలుగులో మెరుస్తుంది. వేళ్ళ కొసలతో ఒత్తకండి, నాలుగు వేళ్ళ దారులు పడతాయి. అప్లికేటర్ మీద అరచెయ్యి పరచండి.

పాత బనీను మెత్తగానే ఉంటుంది కదా, వాడొచ్చా?

అత్యవసరమైతే చక్రాలకి వాడండి. బానెట్‌కి వద్దు. బనీను కుట్లు గట్టిగా ఉంటాయి, పైగా నూలు గుడ్డ రవ్వని పైనే పట్టుకుని లాగుతుంది. మైక్రోఫైబర్ పోగుల మధ్యకి తీసుకుంటుంది. మైక్రోఫైబర్‌ని విడిగా ఉతకండి, సువాసన కోసం వేసే మెత్తబరిచే ద్రవాలు వేయకండి. వాటి జిడ్డు పోగులకి పట్టి నీళ్ళు పీల్చదు.

టూత్‌పేస్టుతో గీతలు పోతాయని వీడియోలో చూపించారు. నిజమేనా?

అందులోనూ రాపిడి పొడి ఉంటుంది కాబట్టి చిన్న గీత మసకబారుతుంది. కానీ ఆ పొడి పళ్ళ కోసం చేసింది, చుట్టూ కొత్త మసక వదులుతుంది. చిన్న పాలిష్ సీసా కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది.

## మెషీన్ పాలిష్

రోటరీ, డీఏ అంటున్నారు. తేడా ఏమిటి? ఏది కొనాలి?

ఇంట్లో వాడుకోవడానికి డీఏ కొనండి. రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. వేగంగా కోస్తుంది, అంతే వేగంగా వేడెక్కుతుంది. ఒక్క క్షణం ఒకేచోట ఆగినా పెయింట్ కాలుతుంది. పైగా అనుభవం లేని చేతిలో ఎండలో రంగులు కదిలినట్టు కనిపించే వలయాలు వదులుతుంది. డీఏ అంటే డ్యుయల్ యాక్షన్. ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, అందువల్ల వేడి ఒకచోట పేరుకోదు. చాలా రకాల్లో గట్టిగా ఒత్తితే తిరగడం ఆగిపోతుంది. నేర్చుకునేవాళ్ళకి అదే రక్ష. పని కొంచెం నిదానం. వృత్తిగా చేసేవాళ్ళు రెండూ వాడతారు.

ఇంట్లో గ్రైండర్ ఉంది. దానికి ఫోమ్ ప్యాడ్ తగిలించి చేయొచ్చా?

దయచేసి చేయకండి. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 10,000 నుంచి 12,000 చుట్లు తిరుగుతుంది. రోటరీ పాలిషర్ తిరిగేది సుమారు 600 నుంచి 3,000 చుట్లే. గ్రానైట్ పలక మీద పనిచేసిన చెయ్యి కదా అని ధైర్యం చేసినవాళ్ళను చూశాను. రాయి మందం అంగుళాల్లో ఉంటుంది, క్లియర్ మందం మైక్రాన్లలో. ప్యాడ్ చిరిగి ముఖం మీదికి ఎగిరే ప్రమాదం కూడా ఉంది. డ్రిల్ మెషీన్‌కి పెట్టుకునే చిన్న ప్యాడ్ హెడ్‌లైట్ల వరకు పరవాలేదు, తక్కువ వేగంలో.

మొదటిసారి మెషీన్ పట్టుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టి ఎలా చేయాలి?

కారు కడిగి, పూర్తిగా ఆరాక, నీడలో పెట్టండి. అద్దాల రబ్బర్లు, నల్ల ప్లాస్టిక్, లోగోలు, బాడీ మడతల అంచులు మాస్కింగ్ టేపుతో కప్పండి. ఈ అరగంట పని విసుగ్గా ఉంటుంది, మానేయకండి.

మొదట డిక్కీ మూత మీద అడుగున్నర చదరం తీసుకుని పరీక్ష చేయండి. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తో మొదలుపెట్టాలి. దాంతో పని కాకపోతేనే ఒక మెట్టు ముతకకి వెళ్ళాలి. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు చాలు. మెషీన్ ఆపి ఉండగానే ప్యాడ్‌ని బాడీకి ఆనించి, అతి తక్కువ వేగంలో పాలిష్ పరవండి. తరవాత మెషీన్ వేగాన్ని 4వ నంబరుకి పెంచి చాలా నెమ్మదిగా జరపండి. సెకనుకి ఒక అంగుళం, అంతకన్నా తొందర వద్దు. ప్రతి వరస ముందు వరసని సగం కప్పాలి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఇలా నాలుగు నుంచి ఆరు దఫాలు. ఒత్తిడికి మెషీన్ బరువు, దాని మీద చెయ్యి ఆనించినంత చాలు. ప్యాడ్ అంటించే వెనక ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత తిరుగుతూ కనిపిస్తే పని జరుగుతోంది. నిలిచిపోయి వణుకుతుంటే ఎక్కువ ఒత్తుతున్నారు, లేదా ప్యాడ్ వాలిపోయింది.

తుడిచాక నాలుగో వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మిగతా నీళ్ళు కలిపి చిలకరించి మళ్ళీ తుడవండి. పాలిష్ నూనెలు గీతల్లో దూరి అబద్ధపు మెరుపు చూపిస్తాయి, ఇది ఆ నూనెను తీసేస్తుంది. ఇప్పుడు టార్చి వేసి చూడండి. నచ్చితే కారంతా అదే పద్ధతి. ఒక్కో ప్యానెల్ అయ్యాక ప్యాడ్‌ని పాత టూత్‌బ్రష్షుతో దులపాలి, లేకపోతే పాలిష్ గడ్డకట్టి కొత్త గీతలు పెడుతుంది. చేతికి బాడీ గోరువెచ్చగా అనిపించడం మామూలే. చెయ్యి ఉంచలేనంత వేడెక్కితే ఆపేయండి. చిన్న కారుకే మొదటిసారి ఒక పూట పైన పడుతుంది, రెండు రోజులుగా విడగొట్టుకున్నా తప్పులేదు.

షాపులో రబ్బింగ్ చేయిస్తే బానెట్ మడత దగ్గర రంగు పోయింది. ఎందుకలా?

మడతల మీద, అంచుల మీద పెయింట్ సహజంగానే పల్చగా నిలుస్తుంది. తిరిగే ప్యాడ్ బరువంతా ఆ సన్నటి గీత మీదే పడుతుంది. మా ఇంట్లోనూ ఇది జరిగింది. తమ్ముడి పెళ్ళికి వారం ముందు నీలం కారుని ఒక షాపులో ఇచ్చాం. సాయంత్రం తీసుకోవడానికి వెళ్తే బానెట్ మడత మీద బొటనవేలంత పొడుగున బూడిదరంగు ప్రైమర్ కనిపించింది. ఆ కుర్రాడు అది మరకేమో అనుకుని గుడ్డ తడిపి రుద్దుతూనే ఉన్నాడు. వాడి ముఖం చూస్తే నాకు అరవబుద్ధి కాలేదు, కానీ బానెట్ మొత్తం పెయింట్ వేయించాల్సి వచ్చింది.

కాబట్టి కారు ఇచ్చేటప్పుడే మూడు మాటలు అడగండి. అంచులకి టేపు వేస్తారా, ఏ మెషీన్ వాడతారు, ముందు చిన్న చోట చేసి చూపిస్తారా అని. పెయింట్ మందం కొలిచే మీటరు ఉన్న షాపైతే ఇంకా మంచిది. ప్లాస్టిక్ బంపర్ల విషయంలోనూ జాగ్రత్త చెప్పండి. రేకులా అవి వేడిని చుట్టూ పంచుకోలేవు, త్వరగా కాలతాయి.

ప్యాడ్‌కి కారు రంగు అంటుకుంటోంది. పెయింట్ పోతున్నట్టా?

పాత కారైతే, ముఖ్యంగా అంబాసిడర్ కాలం నాటి మామూలు రంగులైతే, కంగారు లేదు. వాటిలో చాలావాటికి విడిగా క్లియర్ ఉండదు, రంగే పైపొర. ఎండిపోయిన రంగు కొంచెం ప్యాడ్‌కి రావడం సహజం. ఈ కాలపు మెటాలిక్ రంగు కారుకి రంగు అంటితే మాత్రం వెంటనే ఆపేయండి, అక్కడ క్లియర్ అయిపోయింది.

షాపు నుంచి తెచ్చిన రోజు అద్దంలా ఉంది. రెండు వర్షాలకే గీతలన్నీ బయటపడ్డాయి. మోసం చేశారా?

గీతలు తీయకుండా పూడ్చి ఉంటారు. గీతల్లో నిండే నూనెలు, గ్లేజులు ఉన్న పాలిష్ వాడితే ఆ రోజుకి కనిపించవు, రెండు మూడు వాష్‌లకి మళ్ళీ తేలుతాయి. ఒక్క గంటలో మొత్తం కారు రబ్బింగ్ పూర్తి చేశారంటే అనుమానించవచ్చు. ఈసారి తీసుకునేటప్పుడు ఆల్కహాల్ నీళ్ళతో ఒక చోట తుడిపించి, ఎండలోకి తెచ్చి చూసుకోండి.

ఇంట్లో మెషీన్ వాడేటప్పుడు ఏ జాగ్రత్తలు?

భుజం మీద తువ్వాలు తీసేయండి, తిరిగే ప్యాడ్‌కి చుట్టుకుంటుంది. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి. నేల తడిగా ఉంటే మెషీన్ ముట్టుకోకండి, కాళ్ళకి చెప్పులుండాలి. కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకోండి.

## వ్యాక్స్ పూయడం

వ్యాక్స్‌ని మెషీన్‌తో పూస్తే ఎక్కువ కాలం ఉంటుందా?

ఉండదు. పెయింట్‌కి అంటుకునేది పల్చటి పొర మాత్రమే, మిగతాదంతా మీరే తుడిచేస్తారు. మెత్తటి ప్యాడ్‌తో తక్కువ వేగంలో పూస్తే సమంగా పరుచుకుంటుంది, పెద్ద బండ్లకి చెయ్యి నొప్పి తగ్గుతుంది. లాభం అంతవరకే. చేత్తో పూస్తున్నప్పుడు ప్రతి అంగుళం వేళ్ళ కింద తెలుస్తుంది. ఎక్కడ తారు చుక్క మిగిలిందో, ఎక్కడ కొత్త గీత పడిందో అప్పుడే దొరుకుతుంది. నాకు ఆ పని ఇష్టం కూడా.

ఎంత పూయాలి, ఎంతసేపు ఆరనివ్వాలి?

పేస్ట్ వ్యాక్స్ అయితే అప్లికేటర్‌ని డబ్బాలో అర చుట్టు తిప్పితే ఒక డోరుకి సరిపోతుంది. దోశ మీద నెయ్యిలా పల్చగా, పూశామా లేదా అన్నట్టు ఉండాలి. మందంగా పూస్తే తుడవడం నరకం. ఆరిందో లేదో తెలియాలంటే వేలితో ఒక గీత లాగండి. గీత శుభ్రంగా వస్తే తుడవొచ్చు, జిడ్డుగా అలికినట్టు వస్తే ఇంకాసేపు ఆగాలి. వానాకాలంలో గాలిలో తేమ వల్ల ఆరడం బాగా ఆలస్యమవుతుంది. అప్పుడు కారంతా ఒకేసారి పూసి పెట్టకుండా ప్యానెల్ తరవాత ప్యానెల్ ముగించండి. తుడవడానికి రెండు గుడ్డలు పెట్టుకోండి, ఒకటి తీయడానికి, రెండోది మెరుపు తేవడానికి.

ఎండలో చేస్తే త్వరగా ఆరుతుంది కదా?

మరీ త్వరగా ఆరి, కాలినట్టు అతుక్కుపోతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం బానెట్ మీద అరచెయ్యి మూడు సెకన్లు ఉంచలేం. దాని మీద వ్యాక్స్ పెడితే ద్రావకం క్షణంలో ఎగిరిపోయి మరకలు కడుతుంది. పొద్దున్నే గాని, సాయంత్రం బాడీ చల్లబడ్డాక గాని చేయండి.

కార్నోబా మంచిదా, సింథటిక్ మంచిదా?

మన తీరానికి సింథటిక్ సీలెంట్ అని నా అభిప్రాయం. కార్నోబా అనేది ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం. మన తాటిచెట్టు కుటుంబానిదే. స్వచ్ఛమైన మైనం 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు, కానీ డబ్బాలో నూనెలు, ద్రావకాలు కలిపి మెత్తబరుస్తారు. ముదురు రంగు కార్ల మీద దాని నిగారింపు చూడముచ్చటగా ఉంటుంది. అయితే మన ఎండకి, చెమ్మకి నెలా రెండు నెలలే. సీలెంట్ నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తుంది. పెళ్ళి కారుకి కార్నోబా, రోజూ తిరిగే కారుకి సీలెంట్.

నల్ల ప్లాస్టిక్ మీద వ్యాక్స్ పడి తెల్ల మచ్చలయ్యాయి. పోతాయా?

పోతాయి. షాంపూ నీళ్ళలో మెత్తటి బ్రష్షు ముంచి రుద్దండి. మొండిగా ఉంటే ఆల్కహాల్ నీళ్ళతో మళ్ళీ అదే పని చేయండి.

భోగాపురం తీరం దగ్గర ఉంటున్నాం. ఎన్నాళ్ళకోసారి వ్యాక్స్ పెట్టాలి?

కళింగపట్నం, బారువ, చింతపల్లి వైపు వాళ్ళకీ ఇదే జవాబు. సీలెంట్ వాడితే ఏడాదికి మూడుసార్లు, కార్నోబా అయితే రెండు నెలలకోసారి. నేను ఊళ్ళో ఉంటాను కాబట్టి సీలెంట్ రెండుసార్లు పెడతాను. మృగశిర కార్తెకి ముందు ఒకసారి, తుపాన్ల పోరు తగ్గాక డిసెంబరులో ఒకసారి. సముద్రపు గాలి ఉప్పుకి వ్యాక్స్ ఒక్కటే చాలదు. వారం వారం మంచినీళ్ళతో కడగాలి, కింద చట్రం, చక్రాల గూళ్ళు కూడా. తుప్పు మొదలయ్యేది అక్కడే, బానెట్ మీద కాదు.

## తరవాత వచ్చే సందేహాలు

తుపాను వెళ్ళాక కారు నిండా ఆకులు, ఇసుక. ముందు ఏం చేయాలి?

చెయ్యి పెట్టకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన మర్నాడు నేను చేసిన తప్పు అదే. కొబ్బరి పీచు, ఆకు ముక్కలు కారంతా అతుక్కుని ఉన్నాయి. కరెంటు లేదు, మోటారు తిరగదు. తుడిచేద్దామని తడి గుడ్డతో ఒక్క చెయ్యి వేశాను. బానెట్ మీద అడ్డంగా పడిన ఆ గీతలు తీయడానికి తరవాత కాంపౌండ్ వాడాల్సి వచ్చింది. నీళ్ళు వచ్చేదాకా ఆగండి. తప్పదంటే ముందద్దం మీద మాత్రం చెంబుతో నీళ్ళు పోసుకుని బయలుదేరండి. నీళ్ళు దొరికాక పైనుంచి ధారగా పోసి, ఆకుల్ని చేత్తో ఒక్కొక్కటిగా ఎత్తి తీసి, మళ్ళీ పోసి, అప్పుడు షాంపూ. ఆకు పసరు మరక మిగిలితే సన్న పాలిష్‌కి పోతుంది.

ఒక డోరుకి కొత్తగా పెయింట్ వేయించాం. ఎప్పుడు వ్యాక్స్ పెట్టొచ్చు?

పెయింటర్‌ని అడగండి, వాడిన పెయింట్‌ని బట్టి, వేడి గదిలో ఆరబెట్టారా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. మామూలుగా 30 నుంచి 90 రోజులు ఆగమంటారు. లోపలి ద్రావకాలు బయటికి పోవాలి, వ్యాక్స్ వాటికి అడ్డుపడుతుంది. ఆ లోపు నీళ్ళతో, షాంపూతో కడగడం పరవాలేదు. మెషీన్ పెట్టకండి.

వ్యాక్స్ పోయిందని ఎలా తెలుస్తుంది?

వాన పడినప్పుడు చూడండి. వ్యాక్స్ ఉంటే నీళ్ళు తామరాకు మీద బొట్లలా పూసలు కట్టి, బండి కదలగానే జారిపోతాయి. పోతే చాపలా పరుచుకుని నిలిచిపోతాయి. బానెట్, టాపు మీద ముందు పోతుంది, డోర్ల మీద ఇంకా ఉంటుంది. అలాంటప్పుడు కారంతా చేయక్కర్లేదు, బానెట్, టాపు కడిగి ఆరబెట్టి ఆ రెండింటికే పూయండి. అరగంట పని.